బావ పాతిన రాళ్లు

నా చేతిరాత బాగుండదు, ముందే మన్నించమని అడుగుతున్నాను. ఊరి బడిలో నాలుగు తరగతులు చదివాను, అంతే. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడతాను. మన తెలుగువాళ్లు వేసే ఈ పుస్తకంలో పోయినవాళ్ల గురించి ఎవరైనా రాయవచ్చన్నారు కాబట్టి రాస్తున్నాను. అచ్చు వేసేవాళ్లు తప్పులు దిద్దుకోండి. తిట్లు మాత్రం తీసేయకండి. అవి తీసేస్తే మా బావ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మా బావ పోయాడు. మా అక్క భర్త. రాజురా నుంచి కోర్పనా పోయే దారిలో మాదొక చిన్న ఊరు, ఆయనదీ అదే ఊరు. రోడ్డు పనిలో ముకద్దంగా చేసి రిటైరయ్యాడు. ముకద్దం అంటే పదిమంది కూలీలను వెంటేసుకుని గుంతలు పూడ్పించే పెద్ద.

నేను చంద్రపూర్ దగ్గర ఊర్జానగర్‌లో మా కొడుకు క్వార్టర్‌లో ఉంటున్నాను. పొద్దున చాయ్ చల్లార్చుకుంటుంటే మేనకోడలి ఫోన్ వచ్చింది.

“మామా, బాపు పోయిండు.”

నాకు ఫోన్‌లో మాట్లాడడం రాదు. ఎదురుగా ఉన్నా అంతంతే.

“ఇంటున్నవా? తెల్లారంగ పాణం పోయింది. ఈసారన్న వస్తవా? భయపడకు, ఇగ నిన్నేమనడు.”

ఆ చివరి మాట అచ్చం తండ్రి మాటే. ఫోన్ పెట్టేశాక కూడా చెవిలోనే ఉంది.

నేను బావతో మాట్లాడడం మానేసి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టలేదు. నా పెళ్లికి ముందు మానేశాను. ఇప్పుడు నా మనవరాలికి పెళ్లయింది. చనిపోయినవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దని మా కొడుకు అన్నాడు. కోపం నేను పెట్టుకుంటే ఉండేది కాదు, తీసేస్తే పోయేది కాదు. ఒక సంగతి ఆయనకు తెలుసు. తెలిసి నాకు చెప్పలేదు. ఆ ఒక్కదాని వల్ల నేను నాగపూర్ పోలేకపోయాను, ఊళ్లో తల ఎత్తుకోలేకపోయాను. ఇదీ నా కోపం.

మొదట ఆయన నోరు గురించి చెప్పాలి. మా దిక్కు బామ్మర్దిని ఆటపట్టించడం బావకు హక్కు. బావ ఏమన్నా పరాచకమే, కోపం తెచ్చుకున్నవాడే తక్కువవాడు. అక్క పెళ్లిలో నేను తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి, పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాను. పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు నన్ను చూసి అందరికీ వినబడేలా, “వీడు మాట్లాడడా? పిల్లతోటి మూగోణ్ణి గూడ అంటగడుతున్నరా?” అన్నాడు. పందిరంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆయనకు నేను మూగోణ్ణే. నా పేరు ఆయన నోట ఒక్కసారీ వినలేదు.

మా నాయన పోయిన ఏడు పంట లేదు. బావ బండి కట్టుకుని వచ్చి రెండు బస్తాల జొన్నలు మా వాకిట్లో దింపాడు. “అత్తకు తెచ్చిన. నువ్వు ముట్టకు రా మూగోడా, నీకు దొడ్లె గడ్డి ఉన్నది” అన్నాడు. అమ్మ నవ్వింది. నేను ఆ పూట రొట్టె ముట్టలేదు. మరుసటి పూట తిన్నాను. ఆ ఏడు మేం బతికింది ఆ జొన్నల మీదే. ఇది రాయకుండా మిగతాది రాస్తే నాదే తప్పవుతుంది.

పని మాత్రం పనిలా చేసేవాడు. పొలాల అమావాస్య వచ్చిందంటే ఊరంతా ఎద్దుల కొమ్ములకు రంగులు వేస్తుంటే, ఆయన బకెట్లో సున్నం కలుపుకుని రోడ్డు పక్క రాళ్లకు వేసేవాడు. “మీ ఎడ్లు మీకు, నా ఎడ్లు నాకు” అనేవాడు. ఎండలో కంకర కుప్ప మీద కూర్చుని, ఉల్లిగడ్డను పిడికిలితో చితక్కొట్టి, కారం నూనెతో జొన్నరొట్టె తినేవాడు. ఆ పిడికిలి దెబ్బ చప్పుడు మా చేనుదాకా వినబడేది.

ఆ రాళ్ల సంగతే అసలు సంగతి. మా ఊళ్లో మైలు అనే మాట లేదు. రోడ్డు పక్కన మైలుకొక రాయి ఉండేది కాబట్టి మైలును రాయి అనేవాళ్లం. సంత మూడు రాళ్లు, వాగు ఒక రాయి. అట్లా.

అవి రాజ్యాలు మార్చిన ఏళ్లు. మా రాజురా తాలూకాను హైదరాబాద్ నుంచి తీసి బొంబాయి రాజ్యంలో కలిపారు. తర్వాత జిల్లా కూడా మార్చి చాందాలో వేశారు. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. తాలూకా కచేరీ మీద ఉర్దూ బోర్డు పోయి మరాఠీ బోర్డు వచ్చింది. బడి మీద పేరు మారింది. పట్వారీ దగ్గర కాగితాల లిపి మారింది. నిన్నటిదాకా ఇచ్చిన అర్జీలు ఇయ్యాల ఎవరూ చదవలేకపోయేవారు. అందరికీ అందరి మీదా కోపంగా ఉండేది. సంతలో తెలుగులో బేరమాడితే ఒకడు మొహం చిట్లించేవాడు. మరాఠీలో ఆడితే మనవాడే వెక్కిరించేవాడు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు ఉంటాయి. ఎక్కడికి పోయినా ఉరుకుతూ పోయేవాణ్ణి. కారణం చెబితే నవ్వుతారు. నడిచి పోతే దారిలో ప్రతి మనిషీ ఆపి ఎటు పోతున్నావు, ఏం పని అని అడుగుతాడు. ఉరికేవాణ్ణి ఎవరూ ఆపి అడగరు.

ఆ రోజుల్లోనే రాజురా కచేరీలో కొత్త సాబు ఒకాయన వచ్చి, తాలూకా కుర్రవాళ్లకు పరుగు పోటీ పెడతామని చాటించాడు. కచేరీ ముందు నుంచి కోర్పనా రోడ్డు మీద పది మైళ్లు. గెలిచినవాణ్ణి నాగపూర్ పంపుతారు, అక్కడ ఇరవై ఆరు మైళ్ల మారథాన్‌లో ఉరకాలి. నాకు నాగపూర్ మీద ఆశ లేదు. ఇరవై ఆరు మైళ్లు ఎవరూ పలకరించకుండా పోవచ్చు కదా, అదీ ఆశ. నా బతుకులో నేను గట్టిగా కోరుకున్నది అదొక్కటే.

మారథాన్ అనే మాట మా ఊళ్లో ఎవరూ విని ఉండలేదు. అది మరాఠోళ్ల పరుగు అనుకున్నారు. బావయితే నేను పోతుంటే రోడ్డు మీద పార ఆనించి నిలబడి, “పేరుల్నే ఉన్నది గద రా, మరాఠాన్! నీకు మరాఠీల ఉరుకొస్తదా?” అని అడిగాడు. గ్యాంగు కూలీలందరూ పారలు వదిలేసి నవ్వారు. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకూ అనుమానం వచ్చింది, మరాఠీ రానివాణ్ణి రానిస్తారా అని.

రోజూ పొద్దున ఐదు రాళ్లు పోయి ఐదు రాళ్లు వచ్చేవాణ్ణి. పోటీ పది రాళ్లు కదా. మొదట్లో తిరిగి వచ్చేసరికి అమ్మ రొట్టెలన్నీ చేసి పొయ్యి ఆర్పేసేది. ఆ మధ్యలో రోడ్డువాళ్లు పాత రాళ్లు పీకి కొత్త రాళ్లు పాతారు. పాతవి నడుము ఎత్తు, ఉర్దూ అంకెలు. కొత్తవి మోకాలు ఎత్తు, మరాఠీ అంకెలు. ఆ అంకెలు నాకు రావు, వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాణ్ణి. అంకె కింద ఏదో చిన్న మాట కూడా రాసి ఉండేది. కచేరీ బోర్డు మారింది, బడి బోర్డు మారింది, అట్లాగే రాతిమీది రాత కూడా మారింది అనుకున్నాను. నేనే కాదు, ఊరంతా అదే అనుకుంది. ఆ చిన్న మాట కిలోమీటరు అని, రాయికీ రాయికీ మధ్య దూరం కూడా తగ్గిందని మాకెవరు చెబుతారు?

ఒక పొద్దున పది రాళ్లు లెక్కపెట్టుకుని ఇంటికి వస్తే అమ్మ ఇంకా పిండి పిసుకుతోంది. “గింత జల్ది వచ్చినవ్, సగం తొవ్వలకెల్లి మర్లి వచ్చినవా?” అంది. నేను లోపల పొంగిపోయాను. కాళ్లకు రెక్కలొచ్చాయనుకున్నాను. అమ్మ మాటే నిజమని నాకప్పుడు తెలియదు.

పోటీ రోజు ఏమైందో ఒక్క మాటలో చెప్పి, వివరం తర్వాత చెబుతాను. అందరికంటే ముందున్నాను. పదో రాయి దగ్గర పందెం అయిపోయిందనుకుని ఆగిపోయాను. ఇంకా ఆరు రాళ్లుంది.

ఆ తర్వాత ఊళ్లో ఉండలేక బల్లార్‌పూర్ దిక్కు బొగ్గుబాయిలో పనికి పోయాను. బామ్నిలో అద్దెకు ఉండి అక్కడే పెళ్లి చేసుకున్నాను. మళ్లీ ఎప్పుడూ ఉరకలేదు. అక్క కోసం పండగకూ పబ్బానికీ పోయినా బావతో మాట్లాడలేదు. ఆయన మాత్రం నా పక్కనున్నవాళ్లతో మాట్లాడుతున్నట్టు నన్ను పొడుస్తూనే ఉండేవాడు. మేనకోడలి పెళ్లిలో బంతిలో కూర్చున్నాను. వడ్డించేవాడితో, “ఆ పెద్దమనిషికి పది పూరీలే వెయ్యి. పదికాడ ఆగుతడు” అన్నాడు. ఆకు ముందు నుంచి లేచి వచ్చేశాను. అక్క ఏడ్చుకుంటూ బస్సుదాకా వచ్చింది. అక్క పోయిన రోజు కూడా మేమిద్దరం ఆమెకు చెరో పక్క నిలబడ్డాం. మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఆయన పోయిన మూడో రోజు సంగతి. మావాళ్లలో ఆ రోజు పిట్టకు పెడతారు. ఆకులో అన్నం, పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టి కాకి కోసం ఎదురుచూస్తారు. బావ ఆకులో జొన్నరొట్టె, చితక్కొట్టిన ఉల్లిగడ్డ పెట్టారు. కాకులు చుట్టూ తిరుగుతున్నాయి గాని ముట్టడం లేదు. ఎండ ఎక్కుతోంది. అందరూ మెల్లగా నా వైపు చూడడం మొదలుపెట్టారు.

ఒక ముసలాయన అననే అన్నాడు. “నీ కోసమే ముడతలేదు. ఒక్కపారి బావా అని పిలువు, ఏం పోతది?”

ఇంకొకామె, “గంత కచ్చ ఏంది ఈ మనిషికి? పీనుగు మీద గూడనా?” అంది.

నోరు రాలేదు. మొండితనమని వాళ్లనుకున్నారు. సగం మొండితనమే. సగం, అంతమంది ముందు నాకు ఎప్పుడూ నోరు రాదు.

మేనకోడలు వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. ఆమెకు కూడా ఇప్పుడు తల నెరిసింది. “ఏం జేసిండు మామా నీకు బాపు? మీ ఇద్దరిల ఎవ్వరు చెప్పరాయె. గిప్పుడన్న చెప్పు.”

చెప్పాను. నా బతుకులో అంతసేపు మాట్లాడలేదు. రాళ్లు మార్పించింది మీ నాయనే, పాతవి పీకించింది ఆయనే, గొలుసు పట్టి కొలిచి కొత్తవి పాతించింది ఆయనే, దూరం తగ్గిందని తాలూకాలో ఎవరికి తెలియకపోయినా ఆయనకు తెలుసు, తెలిసి నన్ను ఉరకనిచ్చాడు అని చెప్పాను.

“ఆ దినాలల్ల నీతోటి ఏం మాట్లాడలేదా?”

“తిట్టిండు.”

“ఏమని తిట్టిండు?”

“ఎప్పటి లెక్కనే. పెద్ద రాళ్లు పీకి పిల్ల రాళ్లు పాతినం రా మూగోడా, పది పిల్ల రాళ్లు ఉరికి ఏం మురుస్తున్నవ్ అని. దినాం అదే మాట. నేను పోతుంటే కూలీలతోటి గూడ అనిపిచ్చేటోడు, పిల్ల రాళ్లోడు వచ్చిండు అని.”

ఆమె నా మొహంలోకి చూసింది. “ఆగు మామా. ఇగ చెప్పిండు గద.”

“ఏం చెప్పిండు? కొత్త రాళ్లు పొట్టిగ ఉన్నయని ఎక్కిరిచ్చిండు.”

“పొట్టిగ ఉన్నది రాయా, దూరమా?”

నేను కాకుల వైపు చూశాను.

“బాపు నీతోటి ఎన్నడన్న సక్కగ మాట్లాడిండా?”

“లేదు.”

“మరి ఇంకెట్ల చెప్తడు?”

నాకు ఆమె మీద కోపం వచ్చింది. చెప్పడమంటే దగ్గరికి పిలిచి, కూర్చోబెట్టి చెప్పాలి. పదిమంది కూలీల ముందు అరిచేది చెప్పడమా? నేను లేచి రోడ్డు వైపు వచ్చేశాను. పిట్ట ఎప్పుడు ముట్టిందో చూడలేదు.

అయితే ఊర్జానగర్ వచ్చిన దగ్గర నుంచి పోటీ రోజు నన్ను వదలడం లేదు. మేనకోడలికి ఆ రోజు సంగతి పూర్తిగా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

పోటీ ముగిసే చోట షామియానా వేశారు. అక్కడ సాబు పక్కన నిలబడి తాడు పట్టుకోవడం ముకద్దం పని. అందరికీ తెలుసు. కానీ నేను పదో రాయి దగ్గరికి వచ్చేసరికి బావ అక్కడే, కంకర కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. తాడు వదిలేసి, ఆరు రాళ్లు వెనక్కి నడిచి వచ్చాడు. అట్లా వచ్చినందుకు ఆయనకు నోటీసు ఇచ్చారని తర్వాత అక్క చెప్పింది. “నీ తమాషా సూడనీకి పోయి నోటీసు తెచ్చుకున్నడు” అని అక్కే ఆయన్ను తిట్టింది. నేనూ అదే నమ్మాను. ఇన్నేళ్లూ అదే నమ్మాను.

నేను చేతులు పైకెత్తి ఆగాను. తాడు లేదు, సాబు లేడు. నేను మరీ ముందు వచ్చేశాను, వాళ్లింకా చేరుకోలేదనుకున్నాను. అంత గర్వం.

బావ కుప్ప మీద నుంచి దుమికాడు. “ఆగినవేంది? ఉరుకు!”

“అయిపోయింది బావా. గెల్సిన.” ఆయనతో నేను తృప్తిగా అన్న మాట అదొక్కటే.

“ఏం గెల్సినవ్, నీ మొహం! ఇంక ఆరు రాళ్లున్నది. పరాచకం గాదు రా!”

ఆయన ప్రతి పరాచకానికీ ముందు ఆ మాట అనేవాడు. నేను నవ్వాను. నవ్వుతుండగానే చాందా దిక్కు పిల్లవాడొకడు నన్ను దాటి, ఆగకుండా పోయాడు. వెనకే ఇంకొకడు. అప్పుడు అర్థమైంది. రోడ్డు పక్కన కూలబడ్డాను. పత్తి చేలో కలుపు తీసేవాళ్లు గట్టు మీదికి వచ్చారు. “గెల్సినోడు కూసున్నడు సూడుండ్రి” అని ఒకరు, “అరే, నాగపూర్ గింత దగ్గరున్నదా?” అని ఒకరు.

బావ నా అంగీ పట్టి గుంజాడు. “లే రా. ఇద్దరే పోయిన్రు. నువ్వు అందుకుంటవ్. లే, గాడిదా!”

ఇది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. అందుకోగలను. నాకు తెలుసు. వాళ్లిద్దరూ అలిసిపోయారు, నాలో ఇంకా ఊపిరి ఉంది. కానీ ఆయన లేపితే లేవాలా? కంకర రాయి తీసి ఆయన మీదికి విసిరాను. మోకాలి కింద తగిలింది. రక్తం వచ్చింది.

ఆయన కాలు చూసుకోలేదు. చెప్పులు విడిచి ఒక చేత్తో పట్టుకున్నాడు. ధోవతి ఎగ్గట్టాడు. “గట్లనా? అయితే నేనే పోత నాగపూర్‌కు! నీ అక్కకు చెప్పు, బావ మరాఠాన్ గెల్వనీకి పోయిండని! దమ్ముంటే నన్ను పట్టుకో రా మూగోడా!” అని ఉరకడం మొదలుపెట్టాడు. కుంటుకుంటూ. చేలోవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. ముకద్దం ఉరకడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

కొంతదూరం పోయి, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ ఉంటే దాని గోడ ఎక్కి నిలబడ్డాడు, నా వైపు తిరిగి. వెనకపడ్డ పిల్లలు ఒక్కొక్కరే నన్ను దాటి, ఆయన్నూ దాటి పోయారు. ఆయన కదలలేదు. ఒక చేతిలో చెప్పులు, ఇంకో చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు. గాలి అటు వైపుది, మాట నాదాకా రాలేదు. ఎండ కళ్లలో కొడుతుంటే మొహం కూడా కనబడలేదు. నేను లేచి, చేలకు అడ్డంపడి ఇంటికి పోయాను. పత్తి చేను దాటి వెనక్కి చూస్తే అప్పటికీ గోడ మీదే ఉన్నాడు.

ఆ రోజు ఆ మోరీ పక్క నుంచి ఉరికినవాళ్లు ఎవరైనా ఇంకా ఉన్నారేమో. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఆ పోటీలో ఉరికారేమో అడగండి. వాళ్లు ఆయన్ను దగ్గర నుంచి చూశారు, ఆ మాట విన్నారు. అది తిట్టో మరేమో, ఉన్నదున్నట్టు నాకు రాసి పంపండి. మరాఠీలో రాసినా సరే, మా కోడలు చదివి చెబుతుంది. ఆ చెయ్యి ఊపింది నన్ను రమ్మనా, పొమ్మనా, అది కూడా రాయండి. జర తొందరగా రాయండి.